పిలవని పేరంటం

కార్తీక మాసంలో అన్నవరానికి రాత్రీ పగలూ తేడా ఉండదు. రైలు దిగినవాళ్లు, హైవే మీద బస్సు దిగినవాళ్లు, అందరి నడకా రత్నగిరి వైపే. ఆ హడావిడికి కాస్త ఎడంగా, పంపా రిజర్వాయరు గట్టు మీద సాయంత్రాలు ఇద్దరు రిటైరైన మాస్టార్లు కూర్చుంటారు. ఒకే జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏళ్ల తరబడి పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పినవాళ్లు. ఒకరిది తెలుగు, వారి అన్నగారు కొండమీద వ్రత పురోహితులు. మరొకరిది సోషల్, తుని వైపు పాత బాప్టిస్టు కుటుంబం, సంఘ పెద్ద. బళ్లో పిల్లలు పెట్టుకున్న పేర్లే ఊళ్లోనూ నిలిచిపోయాయి: తెలుగు మాస్టారు, సోషల్ మాస్టారు. ఇద్దరి దగ్గరా చదువుకున్నవాణ్ణి కాబట్టి మధ్యలో నోరెత్తకుండా విన్న సంవాదం ఇది.

తెలుగు మాస్టారు: ఇది చూశారా మాస్టారూ? స్టేషన్ బయట ఒక కుర్రాడు చేతిలో పెట్టాడు. నా చేతిలో ప్రసాదం పొట్లం ఉంది, నుదుట బొట్టుంది. అయినా ఇచ్చాడండీ. సత్యదేవుణ్ణి చూసి కొండ దిగినవాడికి, అసలు దేవుడు వేరే ఉన్నాడని కాగితం ఇవ్వడం ఏం మర్యాద? పిలవని పేరంటానికి వెళ్లకూడదని పెద్దలు ఊరికే అనలేదు.

సోషల్ మాస్టారు: మర్యాద కాదండి, తప్పే. యాత్రికుల దారిలో నిలబడి కాగితాలు పంచకూడదు. ప్రార్థనా స్థలాల దగ్గర మరో మతం ప్రచారం చేయకూడదని 2007లో మన రాష్ట్రంలో చట్టమే తెచ్చారు. ఆ కుర్రాడు మా సంఘంవాడైతే చెవి మెలేసి ఇంటికి పంపిద్దును. కానీ మీ కోపం ఆ కుర్రాడి దగ్గర ఆగేలా లేదు.

తెలుగు మాస్టారు: ఆగదు. వాడిది వయసు. నా పేచీ వాణ్ణి పంపిన నమ్మకంతో. మా అన్నయ్య ఇన్నేళ్లుగా వ్రతాలు చేయిస్తున్నాడు. వచ్చినవాళ్లకి చేయిస్తాడు గానీ ఎవరింటికీ వెళ్లి మా మతంలోకి రండని అనలేదు. మీరు ఇంట్లో ప్రార్థన చేసుకోండి, ఆదివారం చర్చికి వెళ్లండి, ఎవరు కాదన్నారు? ఈ ప్రచారం లేకపోతే మీ భక్తికి వచ్చిన లోటేమిటి?

సోషల్ మాస్టారు: లోటు కాదు మాస్టారూ, అసలు భక్తే మిగలదు. మీరు పుట్టగానే హిందువు. నాకు ఆ వెసులుబాటు లేదు. మా తాత క్రైస్తవుడు, మా నాన్న క్రైస్తవుడు, అయినా నేను స్వయంగా విని, ఒప్పుకుని, నీళ్లలో మునిగితేనే లెక్క. మా బాప్టిస్టుల్లో అయితే పసిబిడ్డలకు బాప్తిస్మమే ఇవ్వరు. అంటే ప్రతి తరానికీ ఎవరో ఒకరు కొత్తగా చెప్పాలి. చెప్పడం ఆగిన రోజున రక్తసంబంధం మమ్మల్ని కాపాడదు. యెరూషలేములో ఓ మేడగదిలో నూటఇరవై మందితో మొదలైన సంఘం అది. వాళ్లు తలుపులు వేసుకుని ప్రార్థన చేసుకుని ఉంటే ఆ మేడగదిలోనే ముగిసిపోయేది.

తెలుగు మాస్టారు: బతకడం కోసం ప్రచారం. ఇది పార్టీలు చెప్పే మాటే కదండీ.

సోషల్ మాస్టారు: అక్కడితో ఆగితే పార్టీ మాటే. ఇంకో సంగతి ఉంది. మత్తయి సువార్త చివర్లో క్రీస్తు శిష్యులకు అప్పజెప్పిన పని ఒక్కటే: అన్ని జనాల దగ్గరికీ వెళ్లమని. గుడి కట్టమనలేదు, ఊరు కట్టమనలేదు. తండ్రి కుమారుణ్ణి పంపాడు, కుమారుడు శిష్యుల్ని పంపాడు. మా విశ్వాసం మొత్తం ఈ పంపకం మీదే నడుస్తుంది. ప్రకటించకపోతే తనకు శ్రమ తప్పదని పౌలు కొరింథువారికి రాసుకున్నాడు. ఆయన దాన్ని గొప్పగా చెప్పుకోలేదు, నెత్తినున్న బాకీ అనుకున్నాడు. మేం మొయ్యాల్సిన బాకీ అది.

తెలుగు మాస్టారు: బాకీ మీది, వసూలు మాత్రం నా దగ్గర! మీ దేవుడి ఆజ్ఞ తీరడానికి నేను ఒక అంకెనవుతానా? పైగా ఆ బాకీ తీర్చడానికి వచ్చినవాళ్లు ఎవరి వెనకాల వచ్చారో మీరు బళ్లో చెప్పిన పాఠమే. కంపెనీ వచ్చింది, తుపాకీ వచ్చింది, పాదిరీ వచ్చాడు.

సోషల్ మాస్టారు: ఆ పాఠంలో ఒక పేజీ చిరిగిపోయిందండి. 1813 చార్టరు చట్టం దాకా కంపెనీకి మిషనరీలంటే గిట్టదు. మతం జోలికెళ్తే జనం తిరగబడతారని, వ్యాపారం పాడవుతుందని భయం. విలియం కేరీ చెప్పులు కుట్టి బతికినవాడు. కంపెనీ గడ్డ మీద చోటు దొరక్క డెన్మార్కువాళ్ల శ్రీరాంపూర్‌లో తలదాచుకున్నాడు. అక్కడి అచ్చుకూటం నుంచే 1818లో తెలుగు కొత్త నిబంధన వచ్చింది. విశాఖపట్నంలో 1805లో దిగిన మిషనరీలు క్రాన్, డెగ్రాంజిలు కంపెనీ నౌకర్లు కారు. వాళ్లకి సువార్తలు తెలుగు చేయడానికి తోడ్పడినవాడు ఆనందరాయరు, బ్రాహ్మణుడు.

తెలుగు మాస్టారు: సరే, 1813 తర్వాత సంగతి? కలెక్టరూ పాదిరీ ఒకే బల్ల దగ్గర భోంచేసినవాళ్లేగా.

సోషల్ మాస్టారు: చాలామంది చేశారు. తెల్లతోలు మీది భయమూ భక్తీ వాళ్లకి లాభించాయి, కాదనను. మన డెల్టాలో వేరే రకం వాళ్లు కూడా ఉన్నారు. 1836లో ఇంగ్లండు బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అని ఇద్దరు వచ్చారు. ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ మాట మీద వచ్చినవాళ్లు. వెనక ఏ పెద్ద సంఘమూ లేదు, నెలజీతం లేదు. ఒకరు పాలకొల్లు, ఒకరు నరసాపురం చేరారు. బీర్ 1853లో, బౌడెన్ 1876లో చనిపోయారు. గోదావరి డెల్టా మిషన్ అంటే వాళ్లు మొదలుపెట్టిందే. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్నప్పుడు కూలీల మధ్య తిరిగి చెప్పారు.

తెలుగు మాస్టారు: మంచి చోటికి తెచ్చారు. ఆ ఆనకట్ట కట్టిన కాటన్ దొర కూడా గట్టి క్రైస్తవుడే. 1847లో మొదలెట్టి 1852కి పూర్తిచేశాడు. నీళ్లిచ్చాడు. ఏ చేనుకి నీళ్లు పెట్టేటప్పుడూ ఆ రైతు ఎవరికి మొక్కుతాడని అడగలేదు. అందుకే ఆయన బొమ్మకి మేం దండలేస్తాం, పుష్కరాల్లో ఆయన పేరు చెప్పి తర్పణం వదిలినవాళ్లున్నారు. బౌడెన్ బొమ్మకి దండ వేసే రైతుని చూపించండి. సేవ చేసి ఊరుకున్నవాణ్ణి నెత్తిన పెట్టుకుంటాం. సేవ చేసి ఆపైన మాట ఒకటి కలిపేవాణ్ణి అనుమానిస్తాం. గాంధీగారు చెప్పిందీ ఇదే కదా: సేవ చెయ్యండి, మతం మార్చే ఉద్దేశం మాత్రం పెట్టుకోకండి అని.

సోషల్ మాస్టారు: కాలవ నీళ్లు ఎవరి చేలోకి వెళ్లాయి మాస్టారూ?

తెలుగు మాస్టారు: అందరి చేలోకీ.

సోషల్ మాస్టారు: చేను ఉన్నవాళ్లందరి చేలోకీ. మట్టి తవ్వి తట్ట మోసిన మాలపల్లెకి చేను లేదు. కాలవ వచ్చాక కూడా ఊరి చెరువులో ముంత ముంచుకునే హక్కు లేదు. కాటన్‌ని తక్కువ చేయడం లేదు. నేనూ ఆ నీళ్లతో పండిన అన్నమే తిన్నాను. కానీ డెల్టా పండినంత మాత్రాన పల్లె పండలేదు. మీరు పిలవని పేరంటం అన్నారు చూడండి, ఆ మాట దగ్గరే నాకు చురుక్కుమంది. మా తాతముత్తాతల్ని పిలిచిన పేరంటం ఏదండీ? గుడికి పిలిచారా, బడికి పిలిచారా, పురాణం చెప్పేచోట అరుగెక్కమని పిలిచారా? మాకు పిలుపే తెలీదు. పిలవకుండా వచ్చినవాళ్లే మా గుమ్మంలోకి వచ్చిన మొదటి చుట్టాలు.

తెలుగు మాస్టారు: ... దీనికి నా దగ్గర జవాబు లేదు. సిగ్గు మాత్రం ఉంది.

సోషల్ మాస్టారు: సిగ్గుపడమని కాదు నేనన్నది. మీరు సేవ వేరు, మాట వేరు అంటున్నారు. మా పల్లెకి ఆ మాటే సేవ. అప్పటిదాకా దేవుడి మాట మా చెవిన పడితే తప్పు. ఒకడొచ్చి చాప మీద పక్కన కూర్చుని, నీకో మాట చెప్పాలి, నువ్వు వినదగినవాడివి అన్నాడు. బడీ ఆసుపత్రీ తర్వాత వచ్చాయి. మనిషిగా లెక్కపెట్టడం ముందు వచ్చింది. చెప్పకుండా ఊరుకుని ఉంటే అది మర్యాద అయ్యేది కాదు, ఇంకో రకం అంటరానితనం అయ్యేది.

తెలుగు మాస్టారు: ఈ మాటలో బలం ఉంది. కానీ పల్లెకి చెప్పడానికి విదేశాల నుంచే రావాలా? ఇక్కడివాళ్లు చేయలేదా? రాజమండ్రిలో కందుకూరి 1881లో వితంతు వివాహం చేయించారు. ఈ మన కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు పీఆర్ కాలేజీ ప్రిన్సిపాలుగా ఉండి, పిఠాపురం రాజావారి అండతో దళిత పిల్లలకి హాస్టలు నడిపారు. ఆయన ఏ మతంలోకీ రమ్మనలేదు.

సోషల్ మాస్టారు: ఆయనంటే నాకూ గౌరవమే. ఆయన చదివింది మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో, మిల్లర్ దగ్గర. కొన్నాళ్లు బందరు నోబుల్ కాలేజీలో చెప్పారు. విన్నారు, కావలసింది తీసుకున్నారు, బ్రహ్మసమాజంలోనే ఉన్నారు. మిషన్ అంటే నోటికందిన ప్రతివాణ్ణీ మింగడమే అయితే ఆయన ఎలా తప్పించుకున్నట్టు?

తెలుగు మాస్టారు: మా నాన్నగారూ తప్పించుకున్నారు లెండి. కాకినాడ మెక్లారిన్ హైస్కూల్లో చదివారు. బైబిలు క్లాసులో మొదటి మార్కు తెచ్చుకునేవారట, ఇంటికొచ్చి సంధ్య వార్చుకునేవారు. ఆ బడిని తిట్టడం ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

సోషల్ మాస్టారు: ఆ మెక్లారిన్‌ని పిలిచినవాడెవరో తెలుసా? ఇది మా సంఘం చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క. కాకినాడలో థామస్ గాబ్రియేలు అని తెలుగువాడు, మాల కులంవాడు, టెలిగ్రాఫ్ శాఖలో సర్కారు ఉద్యోగం. ఆ రోజుల్లో ఆ కులంవాడికి ఆ ఉద్యోగం అంటే మాటలా? అది వదిలేశాడు. సొంతంగా చెప్పడం మొదలెట్టాడు, సంఘాలు కట్టాడు, అప్పులపాలయ్యాడు. మొయ్యలేక కెనడా బాప్టిస్టులకు కబురంపాడు, వచ్చి అందుకోమని. అప్పటికే ఒంగోలు వైపు పనిచేస్తున్న జాన్ మెక్లారిన్ 1874లో కాకినాడ వచ్చాడు. తుని, పిఠాపురం, సామర్లకోట, రామచంద్రపురం కేంద్రాలన్నీ ఆ తర్వాతవే. కాబట్టి మా ప్రాంతం వరకూ అది పిలవని పేరంటం కాదు మాస్టారూ. ఒక తెలుగువాడు పిలిచాడు.

తెలుగు మాస్టారు: ఇది నాకు తెలీదు. దొర పేరు బడికి ఉంది, ఆయన పేరు దేనికుంది?

సోషల్ మాస్టారు: అదే మా లోపం. ఒంగోలులో మిషనరీ క్లో దొర పేరు అందరికీ తెలుసు. యర్రగుంట్ల పేరయ్య పేరు ఎంతమందికి తెలుసు? మాదిగ, తోళ్ల పని, అంతకుముందే యోగమార్గంలో గురువుల్ని వెతుక్కుంటూ తిరిగినవాడు. క్లో తాళ్లకొండపాడు వెళ్లేసరికి పేరయ్య చెప్పి కూర్చోబెట్టిన జనం ఎదురుచూస్తున్నారు. దొరలు అర్జీలు రాశారు, లెక్కలు రాశారు. నోటితో మోసింది పేరయ్యలు, వాళ్ల భార్యలు, ఇంటింటికీ తిరిగిన బైబిలు స్త్రీలు.

తెలుగు మాస్టారు: ఒంగోలు అన్నారు కాబట్టి అడుగుతాను. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజు రెండువేల పైచిలుకు మందిని ముంచారు. దానికి ముందు రెండేళ్లు ఏం జరిగింది? కరువు. జనం ఆకులలములు తిన్న కాలం. ఆకలితో ఉన్నవాడి ఒప్పుకోలుకి విలువేమిటండీ?

సోషల్ మాస్టారు: 2,222 మంది. ఈ ప్రశ్న క్లోకీ వచ్చింది. బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. ఆ కరువు పనులు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని. పని ఆగాకా జనం ఆగలేదు, అప్పుడు ఇచ్చాడు.

తెలుగు మాస్టారు: ఆపడం మంచిదే. అంతమాత్రాన అన్నం పెట్టిన చేతి మీది కృతజ్ఞత మనసులోంచి పోతుందా? అది కూడా ఒత్తిడే. దాన్ని మీరు కొలవలేరు.

సోషల్ మాస్టారు: కొలవలేను. మనిషి ఏ ఒక్క కారణంతోనూ ఏ పనీ చేయడు. ఆకలి ఉంది, అవమానం ఉంది, దేవుడి మీద ఆశ కూడా ఉంది. పేదవాడి నిర్ణయంలో మాత్రం మనం ఆకలి ఒక్కటే చూస్తాం. వాడికి ఆత్మ ఉందని, దాని గురించి వాడూ ఆలోచిస్తాడని ఒప్పుకోం.

తెలుగు మాస్టారు: తగిలింది. అయితే ఇప్పుడు నా వంతు. పల్లెకి గౌరవం ఇచ్చామన్నారు. నేను తెలుగువాణ్ణి, జాషువాని చదివి బతికినవాణ్ణి. క్రైస్తవ ఇంట్లో పుట్టిన ఆ మహాకవి 1941లో 'గబ్బిలం' రాశాడు. అందులో దళితుడు తన గోడు చెప్పుకోవడానికి కబురు ఎక్కడికి పంపాడు? కాశీ విశ్వనాథుడికి. మీ చర్చికి పంపలేదే?

సోషల్ మాస్టారు: గబ్బిలంతో ఎందుకు పంపాడు? గుళ్లోకి వెళ్లగలిగిన మనిషెవడూ ఆ కబురు మొయ్యడు కాబట్టి. గబ్బిలానికి ఉన్న ఆలయ ప్రవేశం వాడికి లేదు కాబట్టి. మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం 1947లో గాని రాలేదు. మన కొండమీద గుడి 1891లో వెలిసింది. లెక్క మీరే కట్టండి.

తెలుగు మాస్టారు: కట్టాను. కానీ రెండో సగం కూడా చెప్పండి. జాషువా తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. అటువాళ్లూ వెలేశారు, ఇటు క్రైస్తవులూ సుఖంగా చూడలేదు. మీ చర్చిల్లో మాల చర్చి, మాదిగ చర్చి వేరువేరుగా లేవా? పెళ్లి సంబంధాల దగ్గర కులం అడగరా? అంతదూరం నుంచి మోసుకొచ్చిన సమానత్వం రెండు పల్లెల మధ్య పుంత దాటలేకపోయిందే!

సోషల్ మాస్టారు: దాటలేదు. మీరన్న ప్రతి అక్షరం నిజం. పాదిరీలు కులాల వారీగా పనిచేశారు, ఎందుకంటే జనం కుటుంబాలుగా, కులాలుగా వచ్చారు. వచ్చినవాళ్లని వచ్చినట్టే ఉంచేశారు. బాప్తిస్మపు నీళ్లు ఒకటే అయినా శ్మశానాలు వేరైన ఊళ్లు ఉన్నాయి.

తెలుగు మాస్టారు: ఇంకోటి. బాప్తిస్మం తీసుకుని కూడా ఎస్సీ సర్టిఫికెట్టు ఉంచుకునేవాళ్ల సంగతి? ఆదివారం ఒక మతం, ఎమ్మార్వో ఆఫీసులో ఒక మతం. మీ సువార్త వాళ్లకి మొదట నేర్పింది దాపరికమా?

సోషల్ మాస్టారు: అందులో మా తప్పు కొంత, చట్టం తప్పు ఎక్కువ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితుణ్ణి ఎస్సీ జాబితాలోకి రానివ్వలేదు. సిక్కులకూ బౌద్ధులకూ తర్వాత సవరించారు, మాకు లేదు. మన రాష్ట్రంలో బీసీ-సి అని ఒక్క శాతం పెట్టారు. మతం మారితే ఊళ్లో కులం పోతుందా? వెలివేతలు పోవు, రిజర్వేషను మాత్రం పోతుంది. 2023 మార్చిలో మన శాసనసభే దీన్ని మార్చమని తీర్మానం చేసింది. అయినా అబద్ధపు కాగితం మీద నడిచే సాక్ష్యం సాక్ష్యం కాదని నేను సంఘంలో చెప్తూనే ఉంటాను. నన్ను తిట్టేవాళ్లు ఎక్కువే.

తెలుగు మాస్టారు: స్వస్థత సభలు? మైకుల్లో కుంటివాడు లేచాడని, కేన్సరు పోయిందని...

సోషల్ మాస్టారు: అక్కడ నేను మీ పక్షం. పిఠాపురంలో మావాళ్లు ఆసుపత్రి పెట్టింది జబ్బుకి మందు ఉందని నమ్మే. గుంటూరులో అన్నా కుగ్లర్ 1883లో దిగిన డాక్టరమ్మ. మందూ ఇచ్చింది, ప్రార్థనా చేసింది, ఒకదాని చోట ఇంకోటి పెట్టలేదు. మందు మాన్పించి మైకు పెట్టేవాడు నా దృష్టిలో మిషనరీ కాడు.

తెలుగు మాస్టారు: మరి ఎవరండీ మిషనరీ? నిర్వచనం మీ ఇష్టమొచ్చినట్టు బిగించి, చెడ్డవాళ్లందర్నీ బయటికి తోసేస్తే ఎలా?

సోషల్ మాస్టారు: నిర్వచనం నాది కాదు. 1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వేదిక నిండా తెల్లవాళ్లు. అక్కడ వి.ఎస్. అజరయ్య అనే తమిళుడు లేచి, మీరు చేసిన త్యాగాలు ఒప్పుకుంటాం, ఇక మాకు కావలసింది స్నేహితులు అనే అర్థం వచ్చేలా మొహం మీదే చెప్పాడు. సభ ఉలిక్కిపడింది. ఆయనే 1912లో దోర్నకల్ బిషప్పయ్యాడు, ఆంగ్లికన్లలో తొలి భారతీయ బిషప్పు. 1903లో తిరునెల్వేలివాళ్లు మన మనుషులు, మన డబ్బు, మన యాజమాన్యం అనే నియమంతో సంఘం పెట్టి తెలుగుదేశానికి మనుషుల్ని పంపినప్పుడు ఆ పని వెనక ఉన్నవాడూ ఆయనే. స్నేహితుడిగా వెళ్లగలిగినవాడే మిషనరీ. మిగతావాడు ఏజెంటు.

తెలుగు మాస్టారు: అంటే ఇప్పుడు విదేశీ డబ్బు అక్కర్లేదంటారా?

సోషల్ మాస్టారు: అదే 1903లో నెల్లూరు వైపునుంచి జాన్ రంగయ్య అని తెలుగు బాప్టిస్టు దక్షిణాఫ్రికా నేటాలుకి వెళ్లాడు. అక్కడి తోటల్లో మన తెలుగు కూలీలు గిర్మిటు ఒప్పందాల కింద మగ్గుతున్నారు. ఆయన్ని పంపింది అమెరికా కాదు, ఇక్కడి తెలుగు సంఘాల సొంత మిషన్. డబ్బు లేనివాళ్లు అణా అణా పోగేసి పంపారు. ఏ గుమ్మంలోకి చుట్టం వచ్చిందో ఆ గుమ్మమే అరవై డెబ్భై ఏళ్లలో చుట్టాన్ని పంపింది. మిషన్ ఎందుకు ముఖ్యమని అడిగారు కదా, నా జవాబు ఇదే. చెప్పించుకున్నవాడు ఎప్పటికీ చెప్పించుకునేవాడుగా ఉండిపోతే అది దానం. వాడు లేచి ఇంకొకడి దగ్గరికి వెళ్లినప్పుడే వాడు నిలబడ్డట్టు.

తెలుగు మాస్టారు: బాగుంది. అయినా నా గొంతులో ముల్లు అలాగే ఉంది. స్నేహితుడై వచ్చినా, మనసులో ఏమనుకుంటాడు? నేను నమ్మకపోతే నాకు నరకమే అనుకుంటాడు. పక్కన కూర్చుని కాఫీ తాగుతూ, నన్ను మంటల్లో చూసే స్నేహం నాకెందుకు?

సోషల్ మాస్టారు: ఒక్కమాట అడుగుతాను, కోపగించకండి. మీ వ్రతకథలో తుంగధ్వజ మహారాజు ఏం చేశాడు?

తెలుగు మాస్టారు: వేటకెళ్లి, మర్రిచెట్టు కింద గొల్లలు వ్రతం చేసుకుని పెట్టిన ప్రసాదం ముట్టకుండా వెళ్లిపోయాడు. గర్వం.

సోషల్ మాస్టారు: ఏమైంది?

తెలుగు మాస్టారు: వందమంది కొడుకులూ, ధనధాన్యాలూ పోయాయి. ... సరే, సరే. కాదన్నవాడికి మా కథలోనూ శిక్ష ఉంది. కానీ తేడా చూడండి. ఆయన తిరిగొచ్చి గొల్లల మధ్య కూర్చుని ప్రసాదం తిన్నాడు, పోయినవన్నీ వచ్చాయి. మా శిక్షకి తిరుగుదారి ఉంది. మీ నరకానికి లేదు.

సోషల్ మాస్టారు: మంచి దెబ్బ. అయితే ఆ కథలో ఇంకో సంగతి నాకు కనిపిస్తుంది. ఆ రాజుకి ప్రసాదం ఎవరు పెట్టారు? అడక్కుండానే గొల్లలు తెచ్చి పెట్టారు. పిలవని పేరంటం అది కూడా. తమకు దొరికిన మంచి దారినపోయేవాడికి పెట్టకుండా ఉండలేకపోయారు. మీ వ్రతం ముగిశాక ప్రసాదం పదిమందికీ పంచాలి, కథ పదిమందికీ చెప్పాలి అంటారే, ఆ గుణమే మాదీను.

తెలుగు మాస్టారు: పెట్టారు, నిజమే. కానీ వాళ్లు పెట్టేసి తమ చోటికి తాము వెళ్లిపోయారు. తిన్నాడా లేదా అని వెంటపడలేదు. రాజు గుడి ఏదో అడగలేదు, పాత దేవుణ్ణి వదలమనలేదు. పెట్టడం వాళ్ల వంతు, తినడం ఆయన వంతు. ఆ గీత మీవాళ్లు దాటుతున్నారనే నా గొడవ.

సోషల్ మాస్టారు: ఆ గీత రాజ్యాంగంలోనూ ఉందండి. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో ప్రచారం అనే మాట ఉంచాలా తీసేయాలా అని వాదులాడుకుని, ఉంచారు. అదే ఇప్పుడు 25వ అధికరణం. ఆ తర్వాత 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, చెప్పుకునే హక్కు ఉంది గాని ఇంకొకరిని మార్చే హక్కు అందులో లేదంది. మావాళ్లు ఆ తీర్పు మీద ఇప్పటికీ గొణుగుతారు. నాకు మాత్రం అందులో మా వేదాంతమే కనిపిస్తుంది. మనిషిని మార్చేది పరిశుద్ధాత్మ అని మేం నమ్ముతాం. అది నిజంగా నమ్మినవాడు అవతలివాణ్ణి తొందరపెట్టడు, భయపెట్టడు, కొనడు. అలా చేసేవాడికి జనం మీదే కాదు, దేవుడి మీదా నమ్మకం లేదన్నమాట.

తెలుగు మాస్టారు: ఇది మీ పాస్టర్లకి మైకులో చెప్పండి.

సోషల్ మాస్టారు: చెప్తాను. మరి మీరు? 1999లో ఒరిస్సాలో కుష్ఠురోగుల సేవలో బతికిన గ్రాహమ్ స్టెయిన్స్‌ని, ఆయన ఇద్దరు చిన్న కొడుకుల్ని జీపులో సజీవదహనం చేశారు. ఆయన భార్య చంపినవాళ్లని క్షమించానంది. ఎవరో చేసినదానికి మిమ్మల్ని అడగను. వద్దని చెప్పే హక్కు ఎక్కడ ఆగాలో మీవాళ్లకి మీరు చెప్తారా?

తెలుగు మాస్టారు: చెప్తాను. వద్దన్నవాడి తలుపు వేసుకోవడం హక్కు. చెప్పినవాడి ఇల్లు తగలబెట్టడం రాక్షసత్వం. దీనికి వాదన అక్కర్లేదు. కానీ మాస్టారూ, మీరు గెలిచారని అనుకోకండి. నా దేవుడు చాలడని మీరనుకుంటున్నంతకాలం మన మధ్య ఒక మెట్టు తేడా ఉంటుంది. అది మీరెంత ప్రేమగా చెప్పినా పోదు.

సోషల్ మాస్టారు: పోదు. క్రీస్తు దగ్గర దొరికింది ఇంకెక్కడా దొరకలేదని నేను అనకుండా ఉండలేను; అంటే మీకు నొప్పి. అది దాచిపెట్టి అన్నీ ఒకటేనండి అని నవ్వితే మీకు అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. మీతో అబద్ధం ఆడలేను.

తెలుగు మాస్టారు: అబద్ధం వద్దు. అయితే ఒక షరతు. నాకు చెప్పేముందు మీ పుంతకి అటూ ఇటూ ఉన్న రెండు చర్చిల్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. మాల ఇంటి పిల్లని మాదిగ ఇంటికిచ్చిన పెళ్లి మీ సంఘంలో ఎవరూ గుసగుసలాడకుండా జరగనివ్వండి. మొదటి మిషనరీని అక్కడికి పంపండి. అది జరిగిన రోజున రండి, మీరు చెప్పింది మొదట్నుంచి చివరిదాకా వింటాను. ఒప్పుకుంటానని మాత్రం మాటివ్వను.

సోషల్ మాస్టారు: ఆ షరతు మా ప్రభువు పెట్టాల్సింది, మీరు పెట్టారు. ఒప్పుకున్నాను. ఇక మీరు వినడం వరకే మేం అడగగలిగింది, మాస్టారూ. ఒప్పుకోవడం మిమ్మల్నడిగే అధికారం ఎవరూ మాకివ్వలేదు.